పాత బేస్ గిటార్ కొనబోతున్నారా? డబ్బు లెక్కపెట్టే ముందు విప్పి చూడండి

"అన్నా, ఫెండర్ అంట, డెబ్బైల నాటిదంట, ఎంతకి తీసుకోవచ్చు?"

నెలకు రెండు మూడుసార్లైనా ఇలాంటి మెసేజ్ వస్తుంది. ఫెండర్ అంటే పేరున్న అమెరికా గిటార్ కంపెనీ. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి. కింద ఒక ఫోటో ఉంటుంది. సోఫా మీద పడుకోబెట్టిన బేస్, అదీ ముందువైపు మాత్రమే. ఆ ఒక్క ఫోటో చూసి ధర చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి, మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఒంగోలు గిత్తను కొనేవాడు కొమ్ములకు పూసిన రంగు చూసి డబ్బివ్వడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు. పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగు పళ్లా అన్నది తేలాకే బేరం మొదలవుతుంది. బేస్ గిటార్‌కి హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే పై కొన) మీది పేరు కొమ్ముల రంగు లాంటిది. పళ్లు లోపలుంటాయి: నెక్ మడమ దగ్గర (చేత్తో పట్టుకునే పొడవు కర్ర బాడీలో కూర్చునే కొన), పాట్ల (వాల్యూమ్, టోన్ తిప్పే కంట్రోళ్లు) వీపు మీద, పికప్‌ల (తీగల శబ్దాన్ని పట్టేవి) అడుగున.

## 1. ముందు మీ సంగతి తేల్చుకోండి: వాయించడానికా, దాచుకోవడానికా?

వాయించడానికే అయితే పాట్లు మార్చినా, ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) మార్చినా, రంగు మళ్లీ వేసినా మీకు నష్టం లేదు. పైగా ధర తగ్గుతుంది కాబట్టి లాభమే. నెక్ నిటారుగా ఉండి, ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) అరిగిపోకుండా మిగిలి ఉండి, పికప్‌లు పలికితే చాలు.

దాచుకోవడానికి, లేదా రేపు మంచి ధరకు అమ్ముకోవడానికి అయితే లెక్క వేరు. ప్రతి స్క్రూకీ విలువ ఉంటుంది. మళ్లీ రంగు వేసిన బేస్‌కి అసలు రంగు ఉన్నదాని ధరలో దాదాపు సగమే పలుకుతుందని వింటేజ్ వ్యాపారులు మామూలుగా లెక్క వేసుకుంటారు.

అమ్మేవాళ్లు అన్నింటికీ "ఒరిజినల్" అనే మాటే వాడతారు. మీరు మనసులో అయినా వీటిని విడదీసుకోండి:

- పూర్తిగా ఒరిజినల్: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగాలు, రంగు, సోల్డర్ అన్నీ అవే.
- భాగాలు మారినది: బాడీ, నెక్ ఒకదానివే. ట్యూనర్లు, పాట్లు లాంటివి మారాయి.
- రిఫినిష్: రంగు మళ్లీ వేసినది.
- అతుకుల బేస్: ఒకదాని బాడీ, ఇంకోదాని నెక్. రెండూ అసలైన ఫెండర్ భాగాలే కావచ్చు, కానీ కలిసి పుట్టలేదు.
- రీఇష్యూ: కంపెనీయే పాత మోడల్‌ను మళ్లీ చేసినది. ఫెండర్ 1982లోనే 1957, 1962 మోడళ్లకు రీఇష్యూలు తెచ్చింది. ఇప్పుడు అవే నలభై ఏళ్లు దాటాయి.
- కాపీ: వేరే కంపెనీ అదే ఆకారంలో చేసినది.

## 2. మన దగ్గర నిజంగా దొరికేవి ఏవి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత బేస్‌లు ఎక్కువగా రెండు చోట్ల ఉంటాయి. ఒకటి, చర్చిల్లో పక్కగదిలో బీరువా వెనుక. రెండు, ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపి మానేసిన పెద్దల ఇళ్లలో అటక మీద. మూడో దారి చెన్నై. పినాకిని ఎక్కితే ఒంగోలు, నెల్లూరు వాళ్లకు అదే సులువు.

ఆశ కొంచెం తగ్గించుకుని వెళ్లండి. బయటపడేవాటిలో ఎక్కువ భాగం జపాన్ బేస్‌లు, మన దేశంలో చేసిన కాపీలు. అమెరికా ఫెండర్ చాలా అరుదు. అలాగని జపాన్‌వి తీసిపారేయొద్దు. 1970ల చివర, 1980లలో వచ్చిన ఐబానెజ్, 1977లో మొదలైన యమహా బీబీ సిరీస్, 1982 నుంచి వచ్చిన జపాన్ ఫెండర్లు వాయించేవాడికి బంగారం.

ఒక పేరు దగ్గర జాగ్రత్త. గివ్‌సన్ కోల్‌కతా బ్రాండు, గిబ్సన్ అమెరికా బ్రాండు. ఫోన్‌లో "గిబ్సన్" అని విని బస్సెక్కి వెళ్తే అక్కడ గివ్‌సన్ కనబడొచ్చు. అమ్మే ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, ఆయన అలాగే పలుకుతాడు. స్పెల్లింగ్ ఫోటో అడగండి.

చర్చి బేస్ కొనేటప్పుడు ఇంకో సంగతి. అది ఒక్కరి సొత్తు కాదు. వాయించే అబ్బాయి "మనదేలే అన్నా" అంటే సరిపోదు. సంఘ కమిటీ ఒప్పుకుని అమ్ముతున్నట్టు కోశాధికారి సంతకంతో ఒక కాగితం తీసుకోండి.

విదేశంలో ఉన్న బంధువుల చేత తెప్పించేవాళ్లు కస్టమ్స్ సుంకం కలుపుకునే లెక్క వేసుకోండి. 1960ల తొలి సగం ఫెండర్లకు రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) ఉంటే అది బ్రెజిల్ రోజ్‌వుడ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ కలపకు 1992 నుంచి సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ) ఒప్పందం కింద కఠినమైన నియమాలున్నాయి, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు.

## 3. ఇల్లు కదలకముందే చేయాల్సిన పని

అమ్మే ఆయనను ఈ ఫోటోలు అడగండి. ఎండలో కాదు, నీడలో, ఫ్లాష్ లేకుండా:

- ముందు, వెనుక నిండుగా
- హెడ్‌స్టాక్ ముందు, వెనుక
- నెక్ ప్లేట్ (బాడీ వెనుక నెక్ స్క్రూల కింద ఉండే లోహపు పలక), దాని మీది అంకెలు
- బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు ముక్క) దగ్గరగా
- ఫ్రెట్లు, ముఖ్యంగా మొదటి ఐదు
- వీలైతే పిక్‌గార్డ్ (బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక) విప్పి లోపలి వైరింగ్

చివరిది చాలామంది పంపరు, భయపడతారు. ఫర్వాలేదు. కానీ ఫోన్‌లోనే ఒక మాట అనుకోండి: "సార్, నేను వచ్చాక మీ ఎదురుగానే విప్పి చూసి, మళ్లీ బిగించి ఇస్తాను. ఒప్పుకుంటేనే బయల్దేరతాను." ఒప్పుకోకపోతే ప్రయాణం మానుకోండి. ఒప్పుకునే వరకు బయానా కూడా పంపొద్దు.

సంచిలో వేసుకోవాల్సినవి:

- స్టార్ స్క్రూడ్రైవర్లు, చిన్నదీ పెద్దదీ. పెద్దది నెక్ స్క్రూలకు సరిగ్గా పట్టాలి.
- మల్టీమీటర్, కరెంటు టెస్టర్
- టార్చ్, చిన్న అద్దం
- నకిలీ నోట్లు కనిపెట్టే అల్ట్రావయొలెట్ టార్చ్
- టేపు, స్టీల్ స్కేలు
- కేబుల్, బ్యాటరీతో నడిచే చిన్న యాంప్
- మెత్తటి తువ్వాలు, స్క్రూలు వేసుకోవడానికి రెండు ప్లాస్టిక్ డబ్బాలు
- ఒక విజిటింగ్ కార్డు. ఎందుకో 7లో చెప్తాను.

## 4. విప్పకముందు కళ్లతో, చేతులతో

తువ్వాలు పరిచి దాని మీద పెట్టండి. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గ్రానైట్ బల్లే కాబట్టి చెప్తున్నాను, నేరుగా దాని మీద పెడితే కొనకముందే గీతలు పడతాయి.

ముందుగా కొలవండి. నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్ వరకు 17 అంగుళాలు రావాలి, అంటే పూర్తి స్కేలు (తీగ పలికే పొడవు) 34 అంగుళాలు. ఫెండర్ వాళ్ల రెండు పేరున్న మోడళ్లు ప్రెసిషన్, జాజ్ బేస్‌ల స్కేలు ఇదే. 15 చిల్లర వస్తే అది షార్ట్ స్కేల్ బేస్. తర్వాత నట్ వెడల్పు. జాజ్ బేస్‌కి 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్‌కి మామూలుగా 44 దాకా.

అరుగుదల చూడండి. నలభై ఏళ్లు వాయించిన బేస్ ఎక్కడ అరగాలో అక్కడే అరుగుతుంది: కుడి ముంజేయి ఆనే బాడీ అంచు, బొటనవేలు ఆనించే చోటు, నెక్ వెనుక మొదటి ఐదు ఫ్రెట్ల మేర. బాడీ అంతా పెచ్చులూడి నెక్ మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉంటే ఆ రెండూ ఒక ఇంటివి కావు. చెయ్యి తగలని చోట, అంటే బాడీ వెనుక నడిమధ్యలో, పెద్ద అరుగుదల ఉంటే కావాలని చేసిందే. ఫ్యాక్టరీలే ఇప్పుడు "రెలిక్" పేరుతో అలా చేసి అమ్ముతున్నాయి.

ఇనుము చూడండి. మనది ఉప్పుగాలి. కొత్తపట్నంలోనో మైపాడు వైపో ముప్పై ఏళ్లున్న వాయిద్యానికి బ్రిడ్జి, స్క్రూలు, ట్యూనర్లు, కంట్రోల్ ప్లేటు అన్నీ ఇంచుమించు ఒకే తీరున మసకబారాలి. బ్రిడ్జి తుప్పు పట్టి ట్యూనర్లు మెరుస్తుంటే ట్యూనర్లు మార్చారు. హెడ్‌స్టాక్ వెనుక పాత స్క్రూ రంధ్రాల గుర్తుల కోసం వెతకండి. మూసినవైనా వేలికి గుంటలా తగులుతాయి.

రంధ్రాలు చాలా సంగతులు చెప్తాయి. 1960, 70ల ఫెండర్ బేస్‌లకు బ్రిడ్జి మీద, పికప్ మీద లోహపు మూతలు వచ్చేవి. మూతలు ఎవరో పారేసి ఉండొచ్చు, వాటి స్క్రూ రంధ్రాలు మాత్రం బాడీలో ఉండాలి. ఆ రంధ్రాలు లేకుండా నున్నగా ఉన్న "1969 బాడీ" అంటే లప్పం పెట్టి రంగు వేశారు, లేదా బాడీయే వేరు. వేలు ఆనించే చిన్న కట్టె 1974 ప్రాంతం వరకు సన్నతీగ వైపు ఉండేది, ఆ తర్వాత లావుతీగ వైపుకు మారింది. దాని రంధ్రాలు ఎటున్నాయో చూసుకోండి.

పుచ్చు కూడా చూడండి. టార్చ్ వేసి బాడీ అంచుల్లో సూది మొన అంత రంధ్రాలు, కింద పసుపురంగు పొడి కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వద్దు. ఇంటికి తెస్తే తలుపులకు కూడా అంటుకుంటుంది.

## 5. సీరియల్ నంబర్: ఒక సాక్షి మాత్రమే

అందరూ మొదట అడిగేది ఇదే, నేను అన్నిటికన్నా తక్కువ నమ్మేదీ ఇదే. 1976 వరకు అమెరికా ఫెండర్‌లో నంబర్ ఉండేది నెక్ ప్లేటు మీద. ఆ ప్లేటును నాలుగు స్క్రూలు విప్పి వేరే బేస్‌కి బిగించడానికి ఐదు నిమిషాలు పట్టదు.

1976 నుంచి నంబర్ హెడ్‌స్టాక్ మీదికి వచ్చింది. ఎస్ అంటే డెబ్బైలు, ఈ అంటే ఎనభైలు. ఎస్ తర్వాత 8 ఉంటే 1978, ఈ తర్వాత 0 ఉంటే 1980. స్టిక్కర్లు మిగిలిపోయి తర్వాతి ఏడాది కూడా వాడారు కాబట్టి ఒక ఏడాది అటూఇటూ పట్టించుకోవద్దు.

జపాన్ ఫెండర్‌లో జేవీ అక్షరాలతో మొదలైతే 1982–84 నాటిది, వాటికి ప్రత్యేకమైన గిరాకీ ఉంది. జపాన్ ఐబానెజ్‌ల లెక్క 1975 నుంచి 1987 వరకు ఇంకా తేలిక. మొదటి అక్షరం నెల, తర్వాతి రెండంకెలు ఏడాది. ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. ఎఫ్ 78 అని ఉంటే 1978 జూన్.

పాత జపాన్ కాపీల్లో చాలావాటికి నంబరే ఉండదు. "స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్" అని చెక్కిన ప్లేటు ఉంటే చాలు, అది అలాంటిదేనని తెలిసిపోతుంది. అది తప్పు కాదు. దాన్ని ఫెండర్ ధరకు అమ్మడం తప్పు. హెడ్‌స్టాక్ లోగో సంగతైతే అసలు చెప్పక్కర్లేదు, డెకాల్స్ (అంటించే లోగో స్టిక్కర్లు) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

## 6. ఇప్పుడు విప్పండి

ఈ గైడు మొత్తం ఈ అరగంట కోసమే. తొందరపడొద్దు, కాఫీ ఇస్తే తాగండి, ఆయన ఎదురుగానే పని చేయండి.

6.1 తీగలు వదులు చేయండి. ట్యూనర్లు సమంగా తిప్పి బాగా వదులు చేయండి. తీగలు కోయొద్దు. విప్పే ప్రతి అడుగుకూ ముందు ఒక ఫోటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు అదే మీకు దారి చూపుతుంది.

6.2 పిక్‌గార్డ్, కంట్రోల్ ప్లేటు విప్పండి. స్క్రూలు ఒక డబ్బాలో. ప్లేటును లాగొద్దు, వైర్లు పొట్టిగా ఉంటాయి. తిప్పి తువ్వాలు మీద ఆనించండి. లోపల చెక్క పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్ బాడీ, చౌక కాపీల్లో ఇది మామూలు.

6.3 పాట్ల వీపు చదవండి. వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల లోహపు వీపు మీద కొట్టిన అంకెలుంటాయి. మొదటి మూడు అంకెలు తయారీదారు: 137 సీటీఎస్, 304 స్టాక్‌పోల్, 134 సెంట్రలాబ్. చివరి రెండు అంకెలు వారం. మధ్యలో ఒకటో రెండో అంకెలుంటే అది ఏడాది. 1377312 అని ఉంటే సీటీఎస్ వాళ్లు 1973లో పన్నెండో వారం, అంటే మార్చిలో చేసింది. వారం 52 దాటిందంటే మీరు చదవడం తప్పింది, సోల్డర్ కింద ఒక అంకె దాగి ఉంటుంది.

ఆ తేదీ బేస్ పుట్టినరోజు కాదు. "ఇంతకు ముందు పుట్టి ఉండదు" అని మాత్రమే చెప్తుంది. ఫెండర్ 1966లో కొని పెట్టుకున్న పాట్ల నిల్వను తర్వాత కొన్నేళ్లు వాడింది కాబట్టి 1968 బేస్‌లో 1966 పాట్ ఉండొచ్చు. తిరగేస్తే మాత్రం కుదరదు. "1972 మోడల్" అన్న బేస్‌లో 1377914 ఉంటే, పాట్లు మార్చారు, లేదా ఆ బేస్ 1979కి ముందుది కాదు.

సైజు కూడా చూడండి. అమెరికా సీటీఎస్ పాట్ వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు. 16 మిల్లీమీటర్ల చిన్న పాట్లు పాత అమెరికా ఫెండర్‌లో ఉంటే అవి మన రేడియో షాపులో వేసినవే.

6.4 సోల్డర్ చూడండి. ఇది రేడియో మెకానిక్ ఎవరైనా ఇట్టే చెప్తాడు. పాత సోల్డర్ మసకబారి బూడిదరంగులో ఉంటుంది, బొట్టు చిన్నగా, ఒకే చేతివాటంతో ఉంటుంది. కొత్తది మెరుస్తుంది, చుట్టూ పేస్టు గోధుమరంగు మరకలా అంటి ఉంటుంది. మూడు పాట్లలో రెండు మసక, ఒకటి మెరుపు అయితే ఆ ఒక్కటే మార్చారని అర్థం. అది చిన్న దోషం, చిన్న తగ్గింపు. అన్నీ మెరిస్తే పికప్‌లు కూడా మారాయేమో చూడాలి.

1968 ప్రాంతం వరకు ఫెండర్ లోపలి వైర్లకు గుడ్డ తొడుగు, ఆ తర్వాత ప్లాస్టిక్ తొడుగు. గుడ్డ వైరు ఇప్పుడు కూడా అమ్ముతున్నారు కాబట్టి అది ఉన్నంత మాత్రాన సంబరపడొద్దు. పాత గుడ్డకు పట్టిన మట్టిరంగు మాత్రం కొత్తదానికి రాదు.

6.5 పికప్‌ల అడుగు. జాగ్రత్తగా పైకెత్తి అద్దం పెట్టి చూడండి. జుట్టుకన్నా సన్నని తీగ ఉంటుంది, గోరు తగిలినా తెగుతుంది. అడుగున తేదీ ముద్ర ఉండొచ్చు. చుట్టిన తీగ మీద కొత్త టేపు, కొత్త లక్క ఉంటే మళ్లీ చుట్టించారు. పలికితే మంచిదే, ఒరిజినల్ మాత్రం కాదు.

6.6 నెక్ విప్పండి. నాలుగు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా వదులు చేసి, నెక్‌ను నిటారుగా పైకి ఎత్తండి. పక్కకు వంచి లాగితే పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గుంట) అంచు పెచ్చు లేస్తుంది.

నెక్ మడమ మీద తేదీ ఉంటే అదే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. 1962 ప్రాంతం వరకు పెన్సిల్‌తో రాసేవారు, తర్వాత సిరా ముద్ర. అరవైల మధ్య ముద్రలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ముందు ఒక అంకె, తర్వాత నెల, ఏడాది, చివర అక్షరం ఉంటాయి. ముందున్న అంకె తేదీ కాదు, మోడల్ కోడ్. చివరి అక్షరం నట్ వెడల్పు: ఎ అంటే ఒకటిన్నర అంగుళం, సి అంటే ఒకటీ ముప్పావు అంగుళం. మీరు ఇందాక 38 మిల్లీమీటర్లు కొలిచి, ఇక్కడ సి కనిపిస్తే ఆ ముద్రను అనుమానించండి.

పాకెట్‌లో చూడండి. అసలు రంగు ఉన్న బాడీలో పాకెట్ అడుగున రంగు పూర్తిగా, సమంగా ఉండదు. మళ్లీ రంగు వేసినవాటిలో పాకెట్ నిండా మందంగా, మూలల్లో గడ్డకట్టి ఉంటుంది, లేదా గరుకు కాగితంతో గీకిన గీతలుంటాయి. మన దగ్గర పాత బేస్‌లకు రంగు వేయించేది ఆటోనగర్ డెంటింగ్ షెడ్లలోనే. పని నీటుగా చేస్తారు, కాదనను. కానీ కారు డూకో పెయింట్ మెరుపు వేరు. స్క్రూ రంధ్రాల్లోకి కూడా రంగు దిగిందంటే ఇక అడగాల్సిన పని లేదు.

నోట్ల టార్చ్‌ను చీకటిగదిలో బాడీ మీద వేయండి. పాత నైట్రో లక్కర్ (అప్పటి పలచని పూత) పచ్చగా, పసుపుగా వెలుగుతుంది. తర్వాత దిద్దిన చోట్లు నల్లటి మచ్చల్లా తేలతాయి. 1968 ప్రాంతం నుంచి వచ్చిన మందపాటి పాలిస్టర్ పూత మీద ఈ పరీక్షను నమ్ముకోవద్దు. ఆ పూత గాజు పెంకులా పెచ్చులుగా లేస్తుంది, నైట్రో అయితే అరిగి పలచబడుతుంది.

6.7 స్క్రూ రంధ్రాలు లెక్కపెట్టండి. జాజ్ బేస్‌లకు డెబ్బైల మధ్య నుంచి మూడు స్క్రూల నెక్ వచ్చింది. ప్రెసిషన్‌కు నాలుగే కొనసాగాయి. "1977 ప్రెసిషన్" అని చెప్పి మూడు స్క్రూలు కనబడితే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.

6.8 అన్నీ ఒక కాగితం మీద రాయండి. నెక్ తేదీ, పాట్ తేదీలు, సీరియల్ ఏడాది, చూడగానే తెలిసే భాగాల కాలం. ఒక ఉదాహరణ: పాట్ 1966 ఇరవయ్యో వారం, నెక్ 1967 ఫిబ్రవరి, ప్లేటు మీద ఆరంకెల నంబర్, జాజ్ బేస్ ఫింగర్‌బోర్డుకు అంచుపట్టీ, చుక్కల బదులు పలకల్లాంటి గుర్తులు. ఆ పట్టీ, పలకలు 1966లో వచ్చాయి కాబట్టి నాలుగు సాక్ష్యాలూ ఒకే కథ చెప్తున్నాయి. అలా కలిస్తే నమ్మండి. మూడు కలిసి ఒకటి తేడాగా ఉంటే ఆ ఒక్క భాగం మారింది. ఏ రెండూ కలవకపోతే అది అతుకుల బేస్.

## 7. బిగించి, వాయించి, మీటర్ పెట్టి

నెక్ పాకెట్‌లో కూర్చున్నాక స్క్రూలు ముందు ఎడమవైపుకు, అంటే వెనక్కి, కొంచెం తిప్పి పాత మరలో పడ్డ చప్పుడు వినిపించాకే బిగించండి. లేకపోతే చెక్కలో కొత్త మర పడి పట్టు పోతుంది.

పెద్ద యాంప్‌కి పెట్టాక, చేత్తో తీగలు తాకేముందు టెస్టర్‌తో బ్రిడ్జి ముట్టుకోండి. మన పాత ఇళ్లలో, షామియానా కనెక్షన్లలో ఎర్తింగ్ మీద నాకు నమ్మకం లేదు. టెస్టర్ వెలిగితే అక్కడితో ఆపి మీ బ్యాటరీ యాంప్ తీయండి.

కేబుల్ ఒక కొన బేస్‌లో పెట్టి, రెండో కొన మీద మల్టీమీటర్ పెట్టండి, వాల్యూమ్ ఫుల్. ప్రెసిషన్ పికప్ 10–12 కిలో ఓమ్‌ల మధ్య చూపితే ఆరోగ్యంగా ఉన్నట్టే. జాజ్ బేస్‌లో రెండో వాల్యూమ్ సున్నా చేసి ఒక్కొక్కటి కొలిస్తే 7–8 చుట్టూ. సగమే వస్తే లోపల ఒక చుట్ట షార్ట్ అయింది. మీటర్ వంద కిలో ఓమ్‌లు దాటి చూపినా, అసలు కదలకపోయినా తీగ తెగినట్టే. స్టింగ్‌రే లాంటి యాక్టివ్ బేస్‌లకు ఈ కొలత పనిచేయదు, వాటిలో బ్యాటరీ సర్క్యూట్ అడ్డుంటుంది.

నెక్ వంపుకు విజిటింగ్ కార్డు. లావుతీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద కార్డు దూర్చమనండి పక్కవాళ్లను. సరిగ్గా పడితే చాలు. మూడు కార్డులు దూరితే నెక్ ముందుకు వంగింది. ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) తిప్పి సరిచేయొచ్చు, కానీ వేరేవాళ్ల బేస్ మీద మీరు తిప్పొద్దు. రాడ్ ఇప్పటికే ఆఖరికి బిగిసిపోయి ఉందేమో ఆయన్నే అడగండి.

ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒక్కసారి పలికించండి. సన్నతీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఒక స్వరం త్వరగా ఆరిపోతే కంగారు పడకండి, ఫెండర్ తరహా బేస్‌లలో అది మామూలే.

## 8. నేను చేసిన పొరపాటు

చెన్నైలో ఒకాయన దగ్గర మూడు స్క్రూల జాజ్ బేస్ చూశాను. డెబ్బైల మధ్యదన్నాడు. పది నిమిషాలు వాయించాను, గొంతు అంత బాగుంది. సాయంత్రం రైలుకు టైమైపోతోందన్న టెన్షన్‌లో విప్పలేదు. సీరియల్ చూసి, లోగో చూసి డబ్బిచ్చేశాను.

నెల్లూరు వచ్చి ఆ రాత్రే నెక్ విప్పాను. మడమలో మూడు రంధ్రాలు ఉండాల్సిన చోట ఏడున్నాయి. నాలుగింటిలో అగ్గిపుల్లలు గుచ్చి, జిగురు పోసి, పైన రంగు రుద్దారు. ఒక పుల్లకు ఎర్రటి మందు ఇంకా అంటుకునే ఉంది. నాలుగు స్క్రూల బేస్ నెక్‌ను తెచ్చి మూడు స్క్రూల బాడీకి కలిపారన్నమాట. మా ఆవిడ పక్కన నిలబడి చూసి, "ఇదేంది, సామాన్ల వాడి దగ్గర కొన్నావా?" అంది.

ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. ఎత్తినా ఏమనగలను, విప్పొద్దని ఆయన అనలేదు కదా. మూడేళ్లు పాటకచ్చేరీల్లో వాయించి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, నష్టానికే అమ్మాను. గొంతు మాత్రం చివరి వరకు బాగుంది.

## 9. తరచు చేసే తప్పులు, వాటికి మందు

తెచ్చిన రోజే పాలిష్ పెట్టడం. పాత పూతకు కారు పాలిష్ తగిలితే మసక పోతుంది, దాంతో విలువా పోతుంది. కొంచెం తడిపిన కాటన్ గుడ్డ, ఆ వెంటనే పొడిగుడ్డ. అంతే.

గరగరమంటున్న వాల్యూమ్ పాట్ మార్చేయడం. కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి ముప్పై సార్లు తిప్పండి. నూటికి తొంభై సార్లు పాత పాటే పనిచేస్తుంది.

సంతలో కొన్న లావు తీగలు వేసి నెక్ వంచడం. ముందున్న తీగల గేజ్ (మందం) కొలిచి అదే వేయండి.

ట్రస్ రాడ్‌ను ఒకేసారి చుట్టు తిప్పడం. పావు చుట్టు దాటొద్దు. తిప్పి ఒక రాత్రి వదిలేసి, పొద్దున చూడండి.

తుప్పు పట్టిన స్క్రూని బలవంతంగా లాగడం. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించండి. వేడికి చెక్క పట్టు వదులుతుంది.

## 10. బేరం, కాగితం, ఇంటికి తేవడం

బేరంలో "మోసం" అనే మాట వాడొద్దు. అమ్మే ఆయనకు కూడా తెలియకపోవచ్చు. మీరు రాసుకున్న కాగితం చూపించండి: "సార్, పాట్లు రెండు కొత్తవి, ట్యూనర్లు మారాయి, రంగు మళ్లీ వేశారు. వాయించేవాడి ధరకైతే తీసుకుంటాను." ఆయన తన ధర మీదే నిలబడితే నమస్కారం పెట్టి లేవండి. చాలాసార్లు గేటు దాకా వచ్చి పిలుస్తారు. పిలవకపోతే పోనీయండి.

డబ్బిచ్చేటప్పుడు తెల్లకాగితం మీదైనా రసీదు రాయించుకోండి. అందులో ఉండాల్సినవి:

- తేదీ, ఇద్దరి పేర్లు, సంతకాలు
- బ్రాండు, మోడల్, సీరియల్ నంబర్
- నెక్, పాట్ల తేదీలు మీరు చదివినట్టుగా
- మారిన భాగాలు
- ఇచ్చిన మొత్తం, ఎలా ఇచ్చారో

రైల్లో అయితే గట్టి పెట్టెలోనే, పై బెర్త్ మీద మీ పక్కన. కారులో అయితే డిక్కీలో పెట్టి భోజనానికి దిగొద్దు. రోహిణి కార్తె ఎండలో మూసిన డిక్కీ వేడికి పాత జిగురు వదిలేస్తుంది, ప్లాస్టిక్ పిక్‌గార్డ్ వంకర తిరుగుతుంది. తీగలు పూర్తిగా విప్పక్కర్లేదు, ఒక స్వరం దించితే చాలు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు పెట్టెలోనే ఉంచి తర్వాత తీయండి. సముద్రానికి దగ్గర ఇల్లయితే పెట్టెలో నాలుగు సిలికా జెల్ సంచులు వేయండి, వాయించాక ప్రతిసారీ బ్రిడ్జి తుడవండి. ఏదైనా భాగం మార్చాల్సి వస్తే పాతదాన్ని పారేయకుండా ప్లాస్టిక్ కవర్లో వేసి, మీద తేదీ రాసి, పెట్టెలోనే ఉంచండి. తుప్పు పట్టిన స్క్రూ అయినా సరే.